వెంటిలేటర్ మీదున్న మనిషికి నిమోనియా రాకుండా చూసుకోడం ఎట్టా

నీళ్ళు తాగేటప్పుడు పొలమారితే ఏమవుద్ది, దగ్గుతాం, కళ్ళల్లో నీళ్ళొస్తాయి, పక్కన పెద్దోళ్ళుంటే నెత్తి మీద తట్టి ఎవరో తల్చుకుంటున్నారే అంటారు, అంతటితో అయిపోద్ది. వెంటిలేటర్ మీదున్న మనిషికి కూడా పొలమారుతుంది, కాకపోతే రోజంతా, రాత్రంతా, చుక్క చుక్కగా, చప్పుడు లేకుండా. గొంతులో ట్యూబ్ ఉంటుంది, ఒంట్లో మత్తు మందు ఉంటుంది, దగ్గే ఓపిక ఉండదు. ఆ చుక్కలతో పాటు నోట్లో ఉన్న క్రిములన్నీ ఊపిరితిత్తుల్లోకి దిగిపోతాయి. ట్యూబ్ వేసి 48 గంటలు దాటాక ఇట్టా వచ్చే నిమోనియానే మనం ఐసీయూలో వ్యాప్ అంటాం, ఫైల్లో వీఏపీ, అంటే వెంటిలేటర్ అసోసియేటెడ్ నిమోనియా, అని రాస్తాం.

నాది నెల్లూరు. చెన్నైలో ఐసీయూ నర్సుగా పన్నెండేళ్ళు అయింది. ప్రతి ఏడాదీ నెల్లూరు, తిరుపతి, కడప నుంచి జీఎన్ఎం, బీఎస్సీ అయిపోయిన మన పిల్లలు ఇక్కడికొచ్చి చేరతారు, వ్యాప్ బండిల్, అదే ఈ నిమోనియా రాకుండా కలిపి చేసే పనుల జాబితా, చెప్పమ్మా అంటే గడగడా ఐదు పాయింట్లు అప్పజెప్తారు, బెడ్ దగ్గరకి తీసుకెళ్ళి ఈ పేషెంటుకి తల ఎత్తు ఎంతుంది చూడు అంటే మాత్రం దిండు చూపిస్తారు. తప్పు వాళ్ళది కాదు, చేత్తో చేసే పని పుస్తకంలో రాదు. అందుకే ఇది రాస్తున్నా, ముందు వాళ్ళ కోసం, తర్వాత ఐసీయూ బయట కుర్చీల్లో రోజులకి రోజులు కూర్చునే మన ఊళ్ళ ఇంటోళ్ళ కోసం. మీ యూనిట్ ప్రోటోకాల్, మీ డాక్టర్ ఆర్డర్ ముందు, నేను చెప్పేది ఆ తర్వాత, అది గుర్తు పెట్టుకోండి.

ముందు ఒక అపోహ పోవాలి. ట్యూబ్ చివర కఫ్ ఉబ్బి ఉంటది గదా, ఇంకేం కిందకి పోదు, ఊపిరితిత్తులకి మూత పెట్టినట్టే అని చాలామంది అనుకుంటారు. అది మూత కాదు. కఫ్ అనేది పల్చటి బెలూన్, శ్వాసనాళంలో ఉబ్బినప్పుడు దానికి ముడతలు పడతాయి, నోట్లోంచి దిగిన చొంగ, కడుపులోంచి పైకొచ్చిన ఫీడు, అంటే ముక్కు గొట్టంతో పోసే ఆహారం, తెమడ అన్నీ ఆ కఫ్ పైన చిన్న గుంటలో నీళ్ళు నిలిచినట్టు నిలుస్తాయి, ఆ ముడతల సందుల్లోంచి మెల్లగా కిందకి కారతాయి. ఈ బొమ్మ మీ కళ్ళ ముందు ఉంటే మిగతా పనులన్నీ ఎందుకు చేస్తున్నామో వాటంతట అవే అర్థమవుతాయి.

తల ఎత్తుతో మొదలుపెడదాం. 30 నుంచి 45 డిగ్రీలు. ఇది వినడానికి చిన్న పనే, కానీ 1999లో బార్సిలోనా డాక్టర్లు 86 మంది మీద చేసిన స్టడీలో వెల్లకిలా పడుకోబెట్టిన వాళ్ళలో 34 శాతం మందికి నిమోనియా అనుమానం వస్తే, తల వైపు ఎత్తి పెట్టిన వాళ్ళలో 8 శాతం మందికే వచ్చింది. తర్వాత వచ్చిన స్టడీలు అన్నీ అంత పెద్ద తేడా చూపించలేదు, అయినా ఖర్చు లేని పని, ఎవరూ మానలేదు. ఇందులో మనోళ్ళు చేసే పొరపాటు దిండు. తల కింద రెండు దిండ్లు పెడితే మెడ వంగుద్ది కానీ నడుం పైనుంచి ఒళ్ళు ఎత్తుకోదు, పైగా ట్యూబ్ మెలిక పడుద్ది. మంచమే ఎత్తాలి. కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తది, 20 ఉంటే 30 ఉన్నట్టే కనపడతది, అందుకే మంచం పక్కన ఉండే డిగ్రీల మార్కు చూడండి, అది లేని మంచం అయితే టేప్ అంటించి మార్కు పెట్టించుకోండి.

ఇంకోటి, పేషెంట్ జారిపోతాడు. పొద్దున ఏడింటికి చక్కగా కూర్చోబెట్టినట్టు పెట్టి పోతాం, పదింటికి వచ్చి చూస్తే మంచం 35 డిగ్రీలే ఉంటది, మనిషి మాత్రం కిందకి జారి, మంచం మడత ఆయన నడుం దగ్గర కాకుండా ఛాతీ దగ్గర ఉంటది. చార్టులో 35 అని రాస్తాం, నిజానికి ఆయన కడుపు నొక్కుకుపోయి ఇంకా అధ్వాన్నంగా ఉన్నాడు. మోకాళ్ళ కింద కొంచెం ఎత్తు ఇవ్వండి, కింద డ్రా షీట్, అంటే పట్టుకుని లాగడానికి అడ్డంగా పరిచే దుప్పటి, వేసి ఉంచండి, ఇద్దరు పట్టుకుని పైకి లాగండి, ఒక్కళ్ళే చంకల కింద చేతులు పెట్టి లాగొద్దు, మీ నడుమూ పోద్ది ఆయన ట్యూబూ కదులుద్ది. వెన్నెముక దెబ్బ ఉన్నవాళ్ళు, బీపీ బాగా పడిపోయిన వాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇట్టా నడుం దగ్గర వంచకూడదు, డాక్టర్ని అడిగితే మంచం మొత్తాన్ని తల వైపు పైకి వాల్చమంటారో ఏం చేయమంటారో చెప్తారు. స్పాంజ్ బాత్‌కో, ఎక్స్‌రేకో వెల్లకిలా చేయాల్సి వస్తే ముందు ఫీడు ఆపండి, నోరు సక్షన్ చేయండి, అంటే లోపల నిలిచింది మెషిన్ గొట్టంతో లాగేయండి, పని కాగానే మళ్ళీ పైకి ఎత్తండి. ఆ పని కాగానే అనేదే అందరం మర్చిపోతాం, స్పాంజ్ అయ్యి ఆయమ్మ వెళ్ళిపోయాక గంటసేపు వెల్లకిలా ఉన్న పేషెంట్లని నేను చాలామందిని చూశాను.

కఫ్ ప్రెషర్. మీటర్ మీద 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ప్రెషర్ మధ్య ఉండాలి, నేనైతే 25 దగ్గర పెడతా. 20 కంటే తగ్గితే పైన నిలిచిందంతా కిందకి జారుద్ది, 30 దాటితే శ్వాసనాళం గోడకి రక్తం అందక పుండు పడుద్ది. పైలట్ బెలూన్ని, అదే కఫ్‌కి గాలి కొట్టే గొట్టం చివర బయట ఉండే చిన్న బుడగని, వేళ్ళతో నొక్కి ఆ బానే ఉంది అనేవాళ్ళ మాట వినొద్దు, ఎంత సీనియర్ అయినా సరే, వేళ్ళకి అది తెలీదు, మీటర్ పెట్టి చూడాల్సిందే. షిఫ్టు మొదట్లో ఒకసారి, తర్వాత మీ యూనిట్ చెప్పిన టైముకి, ఇంకా పేషెంట్‌ని పక్కకి తిప్పాక, ట్యూబ్ కదిపాక. మీటర్ తగిలించినప్పుడే కొంచెం గాలి మీటర్లోకి పోయి ప్రెషర్ పడుద్ది, అందుకని చూసి తీసేయడం కాదు, సరిచేసి తీయాలి. కఫ్‌లో గాలి తీయాల్సిన పని ఏదైనా వస్తే ముందు నోరు, కఫ్ పైన నిలిచింది బాగా సక్షన్ చేశాకే తీయండి, లేకపోతే ఆ గుంటలోదంతా ఒక్కసారిగా లోపలికి పోద్ది.

కొన్ని ట్యూబులకి కఫ్ పైన చిన్న రంధ్రం ఉండి, దానికి బయటికి విడిగా ఒక సన్నటి గొట్టం ఉంటుంది, సబ్‌గ్లాటిక్ సక్షన్ ట్యూబ్ అంటారు. రెండు మూడు రోజులు మించి వెంటిలేటర్ పడుద్ది అనుకున్న పేషెంటుకి ఇది వేయడం మంచిది, ట్యూబ్ వేసేటప్పుడే అడగాలి, వేశాక మార్చలేం. ఖరీదు మామూలు దానికంటే ఎక్కువ, అయినా నాకు అడిగే అవకాశం ఉంటే అడుగుతా. గొట్టం ఉంది గదా అని వదిలేయకండి, 10 ఎంఎల్ సిరంజితో మెల్లగా లాగండి, లేకపోతే మీ దగ్గర చెప్పినట్టు తక్కువ ప్రెషర్ సక్షన్‌కి పెట్టండి, ఎంత వచ్చిందో, ఏ రంగో రాయండి. గట్టిగా లాగితే శ్వాసనాళం గోడ అతుక్కుని దెబ్బ తింటది. కొత్తోళ్ళకి ఒక గట్టి హెచ్చరిక, ఈ సక్షన్ గొట్టాన్ని, కఫ్ పైలట్ బెలూన్ గొట్టాన్ని ఒకదానికొకటి కలపకండి, రెంటికీ లేబుల్ అంటించుకోండి, అర్ధరాత్రి మూడింటికి కళ్ళు మూసుకుపోతున్నప్పుడు రెండూ ఒకేలా కనపడతాయి.

ఇప్పుడు నోరు. నాకు బాగా ఇష్టమైన పని, జనం బాగా చిన్నచూపు చూసే పని కూడా ఇదే. మనం ఒక్క పూట పళ్ళు తోముకోకపోతే పాచి నోటితో ఎవరితోనూ మాట్లాడలేం. ఆ మనిషి నాలుగు రోజుల నుంచి నోరు తెరిచి పడుకుని ఉన్నాడు, నోరు ఎండిపోయి ఉంది, పళ్ళ మీద పాచి పేరుకుంది. ఐసీయూకొచ్చిన రెండు మూడు రోజుల్లో నోట్లో ఉండే మామూలు క్రిములు పోయి ఆసుపత్రి క్రిములు చేరతాయి, అక్కడి నుంచి కఫ్ పైన గుంటలోకి, అక్కడి నుంచి కిందకి. మన పల్లెల నుంచి వచ్చే పెద్దోళ్ళకి ఆకు వక్క అలవాటు ఉంటది, ఒకసారి ఒక అవ్వ దవడలో అడ్మిషన్ అయిన రెండో రోజు వక్క ముక్కలు దొరికాయి, అప్పటిదాకా ఎవరూ నోరు తెరిచి టార్చి వేసి చూడలేదు. అడ్మిషన్ రోజే చూడండి, కట్టుడు పళ్ళుంటే తీసి పేరు రాసి ఇంటోళ్ళకి ఇచ్చేయండి.

రోజుకి కనీసం రెండు సార్లు బ్రష్‌తో తోమాలి, దూదితో తుడవడం కాదు, దూదికి పాచి రాదు. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ తీసుకోండి, పెద్దోళ్ళ బ్రష్ ట్యూబ్ పక్కనుంచి లోపలికి పోదు. తల ఎత్తు చూసుకుని, కఫ్ ప్రెషర్ సరిచూసుకుని, పెదవి దగ్గర ట్యూబ్ మీద ఎన్ని సెంటీమీటర్ల మార్కు ఉందో చూసుకోండి, 22 అనుకోండి, అయిపోయాక కూడా 22 ఉండాలి. ఒకళ్ళు ట్యూబ్ పట్టుకోండి, ఒకళ్ళు తోమండి, ఒక చేత్తో తోముతూ ఇంకో చేత్తో సక్షన్ పెడతూ నీళ్ళు నిలవకుండా లాగుతూ పోవాలి. పళ్ళు, చిగుళ్ళు, నాలుక, దవడల లోపల. తర్వాత ట్యూబ్ ఈ మూల నుంచి ఆ మూలకి మార్చి కట్టండి, లేకపోతే పెదవి మూల పుండు పడుద్ది. మధ్యమధ్యలో నోరు తడిగుడ్డతో తడపండి, పెదాలకి ఏదైనా రాయండి.

క్లోర్‌హెక్సిడిన్, అదే నోటికి పూసే క్రిములు చంపే మందు, దాని సంగతి అందరూ అడుగుతారు. నేను చేరినప్పుడు అదే వేదం, షిఫ్టుకోసారి పూసేవాళ్ళం. 2022లో అమెరికాలో షియా, ఐడీఎస్ఏ, ఏపిక్ లాంటి ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన సిఫార్సుల్లో బ్రష్ చేయడాన్ని తప్పనిసరి పనుల్లోకి తెచ్చి, నోటికి క్లోర్‌హెక్సిడిన్ వాడకాన్ని సాధారణంగా వద్దు అనే వైపు పెట్టారు, దానివల్ల మరణాలు పెరగొచ్చేమో అనే అనుమానంతో. మీ దగ్గర ఇంకా వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌నీ కన్సల్టెంట్‌నీ అడగండి, కానీ అది పూశాం గదా అని బ్రష్ మానేయడం మాత్రం ఒప్పుకోకండి.

ట్యూబ్ లోపల సక్షన్ గడియారం చూసి చేసేది కాదు. రెండు గంటలకోసారి అని కొందరు ఉత్తినే కెలుకుతారు, దానివల్ల లోపల గాయాలే. చెవి పెట్టి వినండి, గరగర ఉందా, వెంటిలేటర్ గ్రాఫ్‌లో రంపం పళ్ళలా గీత వస్తోందా, పీక్ ప్రెషర్, అంటే గాలి లోపలికి తోసేటప్పటి గరిష్ట ప్రెషర్, పెరిగిందా, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే సాచురేషన్ తగ్గుతోందా, అప్పుడు చేయండి. ముందు 100 శాతం ఆక్సిజన్ అర నిమిషమైనా ఇచ్చి, 15 సెకన్లు దాటకుండా. క్యాథెటర్ లావు ట్యూబ్ లోపలి వెడల్పులో సగం మించకూడదు, 8 సైజు ట్యూబుకి 12 ఫ్రెంచ్ సరిపోద్ది. సెలైన్ పోసి లాగడం అలవాటుగా చేయొద్దు, ఆ సెలైన్ అంతా తిరిగి రాదు, పైనున్న క్రిముల్ని ఇంకా లోపలికి కడుగుద్ది. నోట్లో పెట్టిన క్యాథెటర్ మళ్ళీ ట్యూబులో పెట్టొద్దు అని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా, అయినా చెప్తున్నా, ఎందుకంటే చూశాను.

సర్క్యూట్‌లో, అంటే వెంటిలేటర్ నుంచి పేషెంట్ దాకా ఉండే గొట్టాల్లో, చేరే నీళ్ళ గురించి నా సొంత అనుభవం చెప్తా. నేను చేరిన మొదటి ఏడాది, నైట్ డ్యూటీ, ముగ్గురు పేషెంట్లు నాకు. ఒకాయన్ని పక్కకి తిప్పాలి, గొట్టంలో నీళ్ళు ఊగుతున్నాయి, తర్వాత తీద్దాంలే అనుకుని తిప్పేశాను, ఆ నీళ్ళు గుటుక్కుమని ట్యూబ్‌లోకి పోయినాయి, ఆయన ఒళ్ళంతా ఎగిరిపడేలా కొట్టుకున్నాడు. సక్షన్ చేశాను, సర్దుకున్నాడు, డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను. రెండు రోజుల తర్వాత ఆయనకి జ్వరం వచ్చింది. దానివల్లే వచ్చిందని ఎవరూ అనలేదు, నేనూ తేల్చి చెప్పలేను, కానీ ఆ గుటుక్కుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినపడతది. ఆ గొట్టంలో నీళ్ళు మంచినీళ్ళు కాదు, క్రిములతో నిండిన నీళ్ళు. అందుకని పేషెంట్‌ని తిప్పే ముందు, మంచం పక్కన కమ్మీలు ఎత్తే దించే ముందు, నీళ్ళు పేషెంట్ వైపు కాకుండా వాటర్ ట్రాప్, అంటే గొట్టంలో నీళ్ళు పట్టే డబ్బా, వైపు వంచి పారబోయండి, గ్లౌజు వేసుకుని, తర్వాత చేతులు కడుక్కుని. గొట్టాలు పేషెంట్ నోటి కంటే కిందకి వేలాడేట్టు పెట్టుకోండి. గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్‌లో స్టెరైల్ వాటర్ మాత్రమే, కుళాయి నీళ్ళు, క్యాను నీళ్ళు ఎంత తెల్లగా ఉన్నా వద్దు. సర్క్యూట్‌ని వారానికోసారి అని లెక్కపెట్టి మార్చనక్కర్లేదు, మురికి పడితేనో పాడైతేనో మార్చాలి, ఊరికే విప్పిన ప్రతిసారీ క్రిములకి తలుపు తీసినట్టే. హ్యుమిడిఫయర్ బదులు గొట్టానికి తగిలించే, తేమ నిలిపే హెచ్ఎంఈ ఫిల్టర్ తెమడతో తడిస్తే వెంటనే మార్చండి.

చేతులు. పాఠం చెప్పినట్టు చెప్తే ఎవరూ వినరు కాబట్టి ఒక్క సీను చెప్తా. గ్లౌజు వేసుకుని సక్షన్ చేశారు, అదే గ్లౌజుతో వెంటిలేటర్ అలారం నొక్కారు, అదే చేత్తో ఇన్ఫ్యూజన్ పంప్ సరిచేశారు, తర్వాత గ్లౌజు తీసి చేతులకి ఏం రాసుకోకుండా పక్క బెడ్‌కి పోయారు. ఆ అలారం బటన్ మీద ఇప్పుడు ఆసినెటోబ్యాక్టర్ ఉంది, అది ఎండిన చోట కూడా వారాల తరబడి బతుకుద్ది, మందులు చాలావాటికి లొంగదు, మన దేశంలో ఐసీయూలని ఏడిపించే క్రిముల్లో అదొకటి, క్లెబ్సియెల్లా ఒకటి. ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్ళయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. గ్లౌజు మీ చేతిని కాపాడుద్ది, పక్క బెడ్ ఆయన్ని కాదు.

సీటీకి తీసుకెళ్ళేటప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా చెడిపోతాయి, లిఫ్ట్ వచ్చేసింది త్వర త్వరగా అంటారు, ట్రాలీ వెల్లకిలా, ఫీడు నడుస్తూనే ఉంటది. బయల్దేరే ముందు ఫీడు ఆపి, నోరూ ట్యూబూ సక్షన్ చేసి, కఫ్ చూసి, గొట్టంలో నీళ్ళు తీసి, ట్రాలీ తల వైపు ఎత్తి అప్పుడు కదలండి. లిఫ్ట్ మళ్ళీ వస్తది.

ఇంతవరకూ చెప్పినవన్నీ చుక్కల్ని ఆపే పనులు. వీటన్నిటికంటే పెద్ద పని ట్యూబ్ తొందరగా తీసేట్టు చేయడం. ట్యూబ్ లేకపోతే ఈ జబ్బే లేదు. అసలు వేయకముందే మాస్క్ వెంటిలేషన్‌తోనో హై ఫ్లో ఆక్సిజన్‌తోనో నెట్టుకురాగలిగితే అది డాక్టర్లు చూసుకుంటారు. వేశాక మన చేతుల్లో ఉండేది మత్తు. చికాగోలో 2000లో వచ్చిన స్టడీలో రోజుకోసారి మత్తు మందు ఆపి లేపిన పేషెంట్లు వెంటిలేటర్ మీద సగటున 5 రోజులకి కాస్త తక్కువే ఉన్నారు, ఆపని వాళ్ళు 7 రోజులు పైన. 2008లో వచ్చిన ఇంకో స్టడీలో 336 మంది మీద, పొద్దున్నే మత్తు ఆపడం, ఆ వెంటనే సొంతంగా ఊపిరి పీల్చనిచ్చి చూడడం రెండూ జతచేస్తే వెంటిలేటర్ లేని రోజులు మూడు దాకా ఎక్కువొచ్చాయి.

మరి ఎందుకు చేయం? భయం. నిజం చెప్పుకుందాం, నైట్‌లో ఒక్కదానికి ముగ్గురు పేషెంట్లుంటే, ఒకాయన మెలకువొచ్చి ట్యూబ్ పీక్కుంటే నా మీదకి వస్తది అని కాస్త మత్తు పెంచి పడుకోబెడతాం. నేనూ చేశాను. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, ట్యూబ్ పీక్కుంటే మళ్ళీ వేయాల్సి రావడం కూడా నిమోనియాకి దారే. కానీ దానికి మందు మత్తు కాదు, దగ్గర ఒక మనిషి ఉండటం, ట్యూబ్ గట్టిగా కట్టి ఉండటం, నొప్పికి సరైన మందు ఇవ్వడం. రాత్రి పెంచిన డోసు పొద్దున హ్యాండోవర్‌లో తప్పకుండా చెప్పండి, లేకపోతే అదే డోసు మూడు రోజులు నడుస్తది. ఫిట్స్ ఉన్నవాళ్ళు, కండరాలు పనిచేయకుండా ఆపే మందు మీదున్నవాళ్ళు, మెదడులో ప్రెషర్ ఉన్నవాళ్ళు, మందు మానేసి వణుకుతున్న తాగుడు పేషెంట్లు, గుండెపోటు కొత్తగా వచ్చినవాళ్ళు, వీళ్ళకి ఆపకూడదు, డాక్టర్ స్క్రీన్ చేశాకే.

ఇక్కడ చెన్నైలో మనకి మాత్రమే కనపడే ఒక సంగతి ఉంది. వెంకటగిరి నుంచి వచ్చిన ఒక నేతపని పెద్దాయన, ఆయాసం జబ్బు, వెంటిలేటర్ మీద ఆరో రోజు. పొద్దున మత్తు ఆపారు, నాతో పాటు పనిచేసే తమిళ అమ్మాయి, చాలా మంచి నర్సు, పెద్దాయన చెవి దగ్గర కైయ తూక్కుంగ, కన్న తొరంగ, అంటే చెయ్యెత్తండి, కళ్ళు తెరవండి, అని ఎంతో ఓపిగ్గా తమిళంలో చెప్పింది. ఆయన కళ్ళు అటూ ఇటూ తిప్పుతున్నాడు, చెయ్యి ఎత్తలేదు. చార్టులో చెప్పింది చేయడం లేదు అని రాయబోతోంది. నేను పక్క బెడ్ దగ్గర నుంచి వచ్చి, పెద్దాయనా, చెయ్యెత్తు, నా చెయ్యి గట్టిగా పట్టుకో అన్నాను. పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వదల్లేదు. నాలుక చాపు అంటే ట్యూబ్ పక్కనుంచి చాపబోయాడు. ఆ పూటే ఊపిరి ట్రయల్‌కి పెట్టారు. ఆ రోజు నేను డ్యూటీలో లేకపోతే ఇంకో రోజు మత్తు, ఇంకో రోజు ట్యూబ్, అంతే గదా.

అందుకని మన పిల్లలు ఎవరు ఏ ఐసీయూలో ఉన్నా ఈ పని చేయండి, తెలుగు పేషెంట్ అయితే ఫైల్ మీద పెద్ద అక్షరాలతో భాష తెలుగు అని రాయండి. బెడ్ దగ్గర ఒక కాగితం అంటించండి, అందులో కళ్ళు తెరవండి, చెయ్యి పట్టుకోండి, నాలుక చాపండి, తల ఊపండి అనే నాలుగు మాటలు తమిళ లిపిలో, తమిళ పిల్లలు చదివి పలికేట్టు. ఇంటోళ్ళ గొంతు రికార్డు చేసి వినిపించినా మంచిదే. ఊపిరి ట్రయల్ అరగంట నుంచి రెండు గంటలు పెడతారు, ఆ టైములో పక్కనే ఉండండి, నిమిషానికి ఊపిరి 35 దాటినా, సాచురేషన్ 90 లోపు పడినా, గుండె వేగం 140 దాటినా, చెమటలు పట్టి కంగారు పడినా వెంటనే చెప్పండి. అలారం మోగే దాకా ఆగొద్దు, ముఖం ముందు చెప్తుంది.

ఇప్పుడు బయట కూర్చున్న ఇంటోళ్ళకి. సూళ్ళూరుపేట లోకల్లో వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం పది నిమిషాల విజిటింగ్ కోసం ఆగుతారు మీరు, మీ మనసు నాకు తెలుసు. లోపలికి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు చేతులకి రబ్ రాసుకోండి. మంచం దించమని అడగొద్దు, పాపం కూర్చోబెట్టేశారే నిద్ర పట్టదేమో అని చాలామంది అంటారు, ఆ ఎత్తే ఆయన్ని కాపాడుతోంది. తిరుమల తీర్థం తెస్తారు, ఒక్క చుక్క నోట్లో పోయమ్మా అంటారు. కాదనడం నాకు ఎప్పుడూ కష్టమే, ఆ చుక్క నోట్లో పోస్తే కడుపులోకి కాదు ఊపిరితిత్తుల దారిలోకి పోద్ది, నుదుటికి రాయండి, దేవుడికి తెలుసు. కొబ్బరినీళ్ళు, జావ కూడా నోటితో వద్దు. పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ ముందే వేసేయండి అని అడగొద్దు, రాని జబ్బుకి వేస్తే తర్వాత వచ్చినప్పుడు ఏదీ పనిచేయదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి, ఈరోజు మత్తు ఆపి చూశారా, పళ్ళు తోమారా, ట్యూబ్ ఎప్పుడు తీయొచ్చు అనుకుంటున్నారు. భయపడకుండా మర్యాదగా అడగండి, మంచి నర్సు దానికి కోపం తెచ్చుకోదు. ఆయనతో తెలుగులో మాట్లాడండి, మీరొచ్చారని చెప్పండి, ఊళ్ళో కబుర్లు చెప్పండి, ఏడుపొస్తే బయటకొచ్చాక ఏడవండి.

ఇంత చేసినా కొంతమందికి వస్తది. అప్పుడు తొందరగా పట్టుకోవాలి. తెమడ రంగు మారి చిక్కగా పచ్చగా అయితే, జ్వరం వస్తే, నిన్న 40 శాతం ఆక్సిజన్ సరిపోయిన మనిషికి ఇవాళ 60 కావాల్సి వస్తే, డాక్టర్‌కి ఫోన్ చేయండి, రౌండ్స్ దాకా ఆగొద్దు. యాంటీబయాటిక్ మొదటి డోసుకి ముందే తెమడ శాంపిల్ తీసి పంపండి, కానీ శాంపిల్ కోసం డోసు గంటల తరబడి ఆపొద్దు.

ట్యూబ్ తీసేశాక కూడా పని అయిపోదు, ఇది చాలామంది మర్చిపోతారు. రోజుల తరబడి ట్యూబ్ ఉన్న గొంతుకి మింగడం రాదు, తీసిన వెంటనే దాహం దాహం అంటారు, జాలిపడి గ్లాసు నీళ్ళు ఇస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. మింగే పరీక్ష చేసే వాళ్ళుంటే పిలిపించండి, లేకపోతే డాక్టర్ చెప్పాక నిటారుగా కూర్చోబెట్టి, ఒక్క చెంచా ఇచ్చి, గొంతు కదిలిందా, దగ్గు వచ్చిందా, మాట తడిగా గరగరలాడుతుందా చూడండి. అప్పటిదాకా నోరు తడిపి ఊరుకోండి, పళ్ళు తోమడం మానొద్దు. ఆ వెంకటగిరి పెద్దాయనకి ఏడో రోజు ట్యూబ్ తీశారు, మరుసటి రోజు ఒక చెంచా నీళ్ళిస్తే పొలమారి గట్టిగా దగ్గాడు, విజిటింగ్‌కి వచ్చిన వాళ్ళావిడ టక్కున నెత్తి మీద తట్టింది. చెంచా పక్కన పెట్టేశాను, ఈరోజుకి వద్దమ్మా అని చెప్పి డాక్టర్‌కి రాసి పెట్టాను, ముక్కులో గొట్టంతోనే ఫీడు ఇచ్చాం, ఇంకో రెండు రోజులకి చిక్కటి రాగి జావ చెంచాతో మింగాడు.